ఎండు కాలువలో ఆడగొంతు

అది కొట్టేయి మనవరాలా. తీగ తెగింది అని రాయకు. తీగ తెగలేదు, ఎవరో అతికారు. ఆ ఒక్క మాట తప్పు పడితే శామ్ జైలుకు పోతాడు. మొదటి నుంచి చెప్తాను, నిదానంగా రాసుకో.

గురువారం మాపటేళ మంత్రాలయం రోడ్డు పక్కన, నీళ్ళు లేని కాలువలో అవినాష్ కారు పడింది. అవినాష్ మన ఎమ్మిగనూరులో చీరల వ్యాపారి, మగ్గాల ఇంటి బిడ్డ. కారు వాళ్ళ నాయన నడిపిన పాత అంబాసిడర్. నీకంటే వయసులో పెద్దది. ముందురోజు, అంటే బుధవారం, శామ్ ఆ కారుకు కొత్త స్టీరియో సెట్టు బిగించాడు. శామ్ నా దగ్గర పదకొండేళ్ళు కరెంటు పని నేర్చుకున్నవాడు.

కారును మొదట చూసింది ఒక గొర్రెల కాపరి. అప్పుడు ఏడుంబావు దాటింది. ముక్కు కిందికి పెట్టి పడి ఉంది. ముందు లైట్లు లేవు, వెనక లైట్లు లేవు. స్టీరింగు మీద తల వాల్చి అవినాష్ ఒక్కడే ఉన్నాడు, ఊపిరి లేదు. కాపరి దగ్గరికి పోయి తలుపు మీద చేయి వేసేసరికి లోపల నుంచి ఆడమనిషి గొంతు వినబడింది. మెత్తగా, కోపం లేకుండా, ఒకే మాట రెండుసార్లు చెప్పి ఊరుకుంది. తెలుగు కాదు. కాపరి గొర్రెలను అక్కడే వదిలేసి ఊళ్ళోకి పరుగెత్తాడు.

మర్నాటికి ఊళ్ళో రెండు కథలు పుట్టాయి. కాలువలో దయ్యం ఉందని ఒకటి. అవినాష్ కారులో ఎవరో ఆడది ఉందని రెండోది. ఏ కథ నమ్మినా అతని భార్య శిల్ప తలెత్తుకోలేకపోయింది.

శనివారం కడప నుంచి ఇన్సూరెన్సు సర్వేయరు వచ్చాడు. పేరు భూపేష్. నలభై ఏళ్ళుంటాయి, ఇస్త్రీ చొక్కా, మాట తడబడదు. కొత్త సెట్టు వైర్ల వల్ల నడిచే బండికి లైట్లు ఆరిపోయాయని, దారి కనబడక కాలువలో పడిందని, తప్పు బిగించినవాడిదని తేల్చాడు. పోలీసులు శామ్‌ను తీసుకుపోయారు.

ఇందులో పెద్ద కష్టం ఏమిటంటే, శామ్ కూడా దాన్నే నమ్మాడు. పాత రేడియో పీకినప్పుడు మిగిలిన రెండు వైరు కొసలకు టేపు చుట్టకుండా వదిలాడట. అవినాష్ తొందరపెట్టాడట. అన్నం తీసుకుపోయిన భార్య విశ్వాసమ్మతో "నా చేత్తోనే చచ్చిపోయినాడు" అన్నాడు. మంగళవారం పది గంటలకు కోర్టులో తప్పు ఒప్పుకుంటానన్నాడు. అంటే రేపు.

ఈ పొద్దు ఎనిమిదికి విశ్వాసమ్మ మన వాకిట్లోకి వచ్చింది. ఏడవలేదు. ఒక్కసారి ఆ కారు చూసి రమ్మంది, తప్పు శామ్‌దే అయితే ఆ మాట నీ నోట వింటాను అంది. మన కొట్టులో ఉన్న బ్యాటరీ ఆటోలో వేసుకుని పోయాను.

*

అవినాష్ ఇంట్లో చావు జరిగినప్పటి నుంచి మగ్గాలు ఆపేశారు. నాలుగు గుంత మగ్గాలు, నాలుగింటి మీదా సగం నేసిన చీరలు. ఎప్పుడూ టకటక మోగే ఇంట్లో నా చెప్పుల చప్పుడే నాకు పెద్దగా వినబడింది. కారును వెనక రేకుల షెడ్డులో పెట్టారు. పోలీసులు వేసిన సీలు అప్పుడే విప్పి ఉంది. భూపేష్ లోపల నిలబడి ఫోటోలు తీస్తున్నాడు. మగ్గాల ఇంటి గడపలో అవినాష్ తల్లి హంపమ్మ కూర్చుని ఉంది. శిల్ప ఆమె వెనక నిలబడింది.

నన్ను చూసి భూపేష్ ఎవరని అడిగాడు. శామ్‌కు పని నేర్పినవాణ్ణి అన్నాను.

"అట్లయితే తప్పు నీ దగ్గర నుంచే వచ్చిందన్నమాట. చదువుకున్నావా పెద్దాయనా?"

"రెండో తరగతి. కరెంటుకు అక్షరాలు రావు గదప్పా, నాకూ దానికీ సరిపోయింది."

నవ్వాడు. చూసుకో అన్నాడు. అయితే దేన్నీ ముట్టుకోవద్దన్నాడు. సాయంత్రం ఐదుకు రిపోర్టు స్టేషన్లో ఇవ్వాలట.

నేను పని మొదలుపెట్టే ముందు మనిషిని అడుగుతాను. వైరు అబద్ధం చెప్పదు, మనిషి చెప్తాడు. అందుకని మనిషి మాట ముందు విని పెట్టుకోవాలి. సీలు ఎవరు విప్పారని అడిగాను. తానే, ఇందాక, శిల్ప ఎదుటనే విప్పానన్నాడు. దానికి ముందు ఎవరూ ముట్టుకోలేదు గదా అంటే, లేదు, శుక్రవారం పొద్దున్నుంచి సీల్లోనే ఉందన్నాడు. సెట్టు పెట్టి చూశావా అన్నాను.

"ఎట్లా చూస్తా? బ్యాటరీ పగిలి ఆసిడ్ అంతా కారిపోయి ఉండాది."

ఈ కారు ముందెప్పుడైనా చూశావా, అవినాష్ నీకు తెలుసా అని అడిగాను. అడగకూడనిది అడిగినట్టు నా వైపు చూశాడు.

"చనిపోయినాయన్ను నేను ఫోటోలోనే చూసినా. ఈ కారును శనివారం పొద్దున, సీలు విప్పకుండా బయట నుంచి చూడ్డమే మొదలు."

సరే అని కారులో తల పెట్టాను.

మొదట కనబడింది లైటు గుబ్బ. అంబాసిడర్‌లో లైటు వేయాలంటే గుబ్బను బయటికి లాగాలి, ఆర్పాలంటే లోపలికి నొక్కాలి. అది లోపలికి నొక్కి ఉంది. వైరు కాలి లైట్లు ఆరిపోతే గుబ్బ లాగినట్టే ఉంటుంది. చీకట్లో కారు నడిపేవాడు లైట్లు ఎందుకు నొక్కేస్తాడు? పడిపోయాక నొక్కడానికి అవినాష్‌కు ప్రాణం లేదు.

ఆ సంగతి అప్పుడే బయటికి అనలేదు. సెట్టు కింద చేయి పెట్టాను. శామ్ వేసిన అతుకులు నాలుగు. నాలుగూ నేను నేర్పినట్టే మెలిపెట్టి, మడిచి, గొట్టం తొడిగి ఉన్నాయి. ఐదో అతుకు వేరుగా ఉంది. పాత రేడియో కొసలు రెండూ కలిపేసి ఉన్నాయి.

భూపేష్ నా భుజం మీదుగా టార్చి వేశాడు. అదే అన్నాడు. అదే మనిషిని చంపింది, దాన్ని కత్తిరించి కవర్లో పెట్టుకుంటానన్నాడు. కత్తిరించొద్దన్నాను. సాక్ష్యం తీసే అధికారం నీకా నాకా అన్నాడు. అధికారం నీదే, కానీ కత్తిరిస్తే అది ఏం పని చేసేదో ఎవరికీ తెలియదు, ఏం చెయ్యలేదో కూడా తెలియదు అన్నాను. కత్తెర పట్టుకున్న అతని చేతి మీద నా చేయి పెట్టాను. శిల్ప వచ్చి, పెద్దాయన చూసేదాకా ఆగండి సార్ అంది. కత్తెర జేబులో పెట్టుకున్నాడు.

ఆ అతుకు ఎట్లా ఉందో చెప్తాను విను మనవరాలా. ముడి లేదు. రెండు కొసలు పక్కపక్కన పెట్టి, ఒక్క పురి తిప్పి, వేలితో సాపుగా రాసి ఉంది. రాగి మీద తెల్లగా బూడిద. కరెంటు పని చేసేవాడు చేతికి బూడిద రాసుకోడు.

నీకు మగ్గం తెలియదు. ఒక పడుగు, అంటే మగ్గం మీది నిలువు పోగులు, అయిపోయాక కొత్త పడుగులోని ప్రతి పోగునూ పాత పోగు కొసకు కలపాలి. అచ్చు అతకడం అంటారు. వేళ్ళకు బూడిద రాసుకుని, ముడి లేకుండా ఒక్క పురి. వేల పోగులు, ఒక్కటీ ఊడకూడదు. మా అమ్మ రోజంతా అదే పని చేసేది. నేను కళ్ళు మూసుకుని ఆ అతుకును వేళ్ళతో తడిమాను. అమ్మ చేయి ముట్టుకున్నట్టే ఉంది.

హంపమ్మ దగ్గరికి పోయి గడపలో కూర్చున్నాను. ఆమె కుడి చేతి బొటనవేలు, చూపుడు వేలు బూడిద పట్టి తెల్లగా పాలిపోయి ఉన్నాయి. నలభై ఏళ్ళ పని. కారులో వైర్లు ఎప్పుడు ముట్టుకున్నావక్కా అని మెల్లగా అడిగాను.

దాచలేదు. గురువారం పొద్దున కొడుకు కొత్త సెట్టు వినిపిస్తూ మంత్రాలయం తీసుకుపోయాడట. ముందు సీట్లో కూర్చుంటే మోకాలి దగ్గర రెండు కొసలు వేలాడుతూ కనబడ్డాయట. ఆ ఇళ్ళలో ఒక పట్టింపు ఉంది. తెగిన పోగు వేలాడుతూ ఉండగా దీపం పెట్టరు. మధ్యాహ్నం పన్నెండుకు ఇల్లు చేరారు. కొడుకు అన్నం తింటుండగా ఆమె షెడ్డులోకి పోయి, ఆ రెండూ అతికి, చేతులు కడుక్కుని వచ్చింది. నాలుగుంబావుకు కొడుకు మళ్ళీ కారు తీసుకుని పోయాడు.

చెప్పి నా మొహం చూసింది.

"రామలింగన్నా, నేను అతికినందుకా వాడు సచ్చింది?"

భూపేష్ అప్పటికే పుస్తకం తీసి రాసుకుంటున్నాడు. శామ్ కొసలు వదిలాడు, ముసలామె అతికింది, ఇద్దరి పేర్లూ రాస్తే రిపోర్టు ఇంకా గట్టిగా ఉంటుందన్నాడు. శిల్ప అత్త భుజం పట్టుకుని పక్కనే కూర్చుంది.

నేను లేచి నా బ్యాటరీ తెచ్చాను.

*

ఆ అతుకు లైట్లు ఆర్పగలదో లేదో ఆర్పి చూపించమంటే సరిపోతుంది. పగిలిన బ్యాటరీ తీసి నాది పెట్టాను. భూపేష్ వద్దన్నాడు, మంట లేస్తుందన్నాడు. లేస్తే నేనే ముందు కాలుతాను గదా, నువ్వు వాకిట్లో నిలబడు అన్నాను. వాకిట్లోకి పోలేదు. షెడ్డు గుమ్మంలోనే నిలబడ్డాడు.

తాళం చెవి పోలీసుల దగ్గర ఉంది. చెవి లేకుండానే లైటు గుబ్బ లాగాను.

ఎడమ లైటు అద్దం పగిలింది, అది వెలగలేదు. కుడి లైటు వెలిగి గోడ మీద గుండ్రంగా పడింది. గడియారం చూసుకున్నాను. పదకొండు నిమిషాలు చూశాను. అతుకు వేడెక్కలేదు. లైటు రెప్ప కూడా కొట్టలేదు. అక్కా, నీ అతుకు లైట్లు ఆర్పలేదు అని చెప్పడానికి వెనక్కి తిరిగాను.

ఇంకోటి జరిగింది. ఆ అతుకు వల్ల లైటు కరెంటు కొంచెం సెట్టులోకి పోతుంది. చెవి లేకపోయినా, లైటు వేసిన కాసేపటికి సెట్టు నిదానంగా మేలుకుంటుంది. నేను గడియారం చూసుకుంటూ గమనించలేదు. చచ్చిన మనిషి కారులో, సీటు మీద ఆరిన మరక ఇంకా ఉండగానే, నీలం వెలుతురు పైకి లేచింది. స్పీకర్లలో ఆడగొంతు మెత్తగా ఒక మాట అంది.

శిల్ప నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. హంపమ్మ మాత్రం లేచి కారు దగ్గరికి వచ్చి, కిటికీలోకి వంగి, ఇంటికి వచ్చిన మనిషిని అడిగినట్టు అడిగింది.

"ఎవరమ్మా నువ్వు? నా కొడుకు కడకు ఏమన్నాడు?"

మళ్ళీ ఏమీ వినబడలేదు.

అది దయ్యం కాదక్కా అన్నాను. ఇప్పటి సెట్లకు ఫోను కలుపుతారు. ఫోను కలిస్తే కలిసిందని, పోతే పోయిందని సెట్టే ఇంగ్లీషులో చెప్తుంది. కరెంటు తీసేస్తే గడియారం మరచిపోతుంది గాని, కలిసిన ఫోన్లను మరచిపోదు. మేలుకోగానే చివరగా కలిసిన ఫోను కోసం వెతుక్కుంటుంది. ఇట్లాంటి చౌక సెట్టుకు అది పది పన్నెండు అడుగుల్లో ఉంటేనే దొరుకుతుంది.

చెప్తూ చెప్తూనే నా మాట నాకే వినబడింది. చివరగా కలిసిన ఫోను. పన్నెండు అడుగులు.

అవినాష్ ఫోను పోలీసుల దగ్గర ఉంది. శిల్పను పిలిచి, సెట్టు అద్దం మీద ఏం రాసి ఉందో చదవమన్నాను. ఆమె వంగి చూసింది.

"భూపేష్ అని ఉండాది పెద్దయ్యా."

గుమ్మంలో ఉన్నవాడు కదల్లేదు. ఆ పేరుగలవాళ్ళు జిల్లాలో ఎంతమంది లేరు అన్నాడు. ఈ షెడ్డులో ఎంతమంది ఉన్నారు అన్నాను. అయితే పొద్దున నేనే కలిపి చూశాను, మరచిపోయానన్నాడు. పగిలిన బ్యాటరీతోనా అన్నాను.

శిల్ప ఒక సంగతి చెప్పింది. అవినాష్‌కు ఆ సెట్టు అంటే చిన్నపిల్లాడి సంబరం. బుధవారం వీధిలో వాళ్ళందరినీ ఒక్కొక్కరినే కారులో కూర్చోబెట్టి, నీ ఫోను కలుపు, నీకిష్టమైన పాట పెట్టు అని బలవంతం చేశాడట. ఎక్కినవాణ్ణి ఎవరినీ వదలలేదట. అందరికంటే చివర ఎక్కినవాడి పేరే పైన ఉంటుంది. గురువారం నాలుగుంబావుకు ఇంట్లో నుంచి పోతూ, నిరుడు ఊరవతల మన మగ్గాల షెడ్డు కాలిపోయినప్పుడు ఇన్సూరెన్సుకు దొంగ రిపోర్టు రాసిన సర్వేయరును మంత్రాలయం రైలు స్టేషన్లో దింపి వస్తా, వాడితో ఆఖరి మాట మాట్లాడి వస్తా అన్నాడట. ఆ సర్వేయరును ఆమె గాని హంపమ్మ గాని ఎప్పుడూ చూడలేదు. ఈయన అతనే అని ఇప్పటిదాకా అనుకోలేదు.

భూపేష్ పుస్తకం మూసి సంచిలో పెట్టుకున్నాడు. కోపం రాలేదు, అందుకే నాకు భయం వేసింది.

"పెద్దాయనా, సెట్టు చెప్పింది కోర్టు వినదు. వాడు రేపు పొద్దున ఒప్పుకుంటాండాడు, అది వింటాది."

వెనక్కి తిరిగి మగ్గాల పక్క నుంచి వాకిలి వైపు నడిచాడు. పది అడుగులు, పన్నెండు, పద్నాలుగు. కారులో ఆడగొంతు మళ్ళీ పలికింది. ఒకే మాట, మెత్తగా, రెండుసార్లు. తర్వాత ఊరుకుంది.

గొర్రెల కాపరి విన్నది ఇదే. అవినాష్ పక్కన ఆడది లేదు. కాపరి తలుపు మీద చేయి వేసిన నిమిషంలో, ఆ చీకట్లో, పద్నాలుగు అడుగుల దూరంలో ఒక మగవాడు కాలువ వెంట నడిచిపోతున్నాడు. రోడ్డు మీద పోయేవాళ్ళకు కారు కనబడకూడదని లైట్లు నొక్కి పోయాడు. తాళం చెవి మాత్రం తిప్పి ఆపలేదు, పగిలిన బ్యాటరీ ఆసిడ్ కారిపోయేదాకా సెట్టును కాసేపు బతికించింది. కారు కాలువలోకి ఎట్లా పోయిందో, తల మీద దెబ్బ స్టీరింగుదో చేతిదో నాకు ఇంకా తెలియదు. తెలియనిది రాయకు.

*

శిల్ప అక్కడి నుంచే ఎస్.ఐ. రాజశేఖర్‌కు ఫోను చేసింది. ఆయన ఆదోనిలో బందోబస్తులో ఉన్నాడు. విన్నాడు. రేపు ఎనిమిదికి సెట్టు తీసుకుని స్టేషనుకు రమ్మన్నాడు, అంతదాకా ఎవరికీ ఇవ్వొద్దన్నాడు. హంపమ్మ అతుకు చెదరకుండా రెండు పక్కలా వైరు వదిలి కోసి, సెట్టును టవల్లో చుట్టుకుని ఇంటికి తెచ్చాను. దారిలో పడిన కుదుపులకు ఏమైనా చెడిందేమోనని, నువ్వు బడి నుంచి పాఠాలు చెప్పి వచ్చేసరికి, ఇదిగో, ఈ బల్ల మీద బ్యాటరీకి తగిలించాను. కలిసిన ఫోన్ల పేర్లన్నీ ఉన్నాయని నువ్వే చదివి చెప్పావు.

పెన్ను ఆపకు మనవరాలా. నేనూ విన్నాను. ఆ ఆడగొంతు ఇప్పుడు మన ఇంట్లోనే మాట్లాడింది. అద్దం మీద ఏ పేరు వెలిగిందో నాకు చదివి చెప్పాల్సిన పని లేదు, నీ మొహంలో ఉంది.

తలుపు వైపు చూడకు. గడియ వేసే ఉంది. ఇది మంచిదే అనుకో. ఈ పేరు వెలిగినంతసేపు అతను మన వాకిట్లోనే ఉన్నాడు, ఇంకెక్కడా లేడు. నేను సెట్టు దగ్గరే కూర్చుని, ఎవరితోనో మాట్లాడుతున్నట్టు మాట్లాడుతూ ఉంటాను. నువ్వు దొడ్డి తలుపులో నుంచి పక్కింట్లోకి పో. విశ్వాసమ్మ అక్కడ అన్నం క్యారియరు పట్టుకుని ఎదురుచూస్తూ ఉంది. ఆరింటికి స్టేషన్లో శామ్ దగ్గరికి వదులుతారు. ముందు ఎస్.ఐ.కి ఫోను చెయ్యి. తర్వాత ఆమెతో స్టేషనుకు పో.

ఈ కాగితాలు శామ్‌కు చదివి వినిపించు. రేపు పది గంటలు కాకముందే వాడు వినాలి. నాలుగు అతుకులూ సరిగా ఉన్నాయి, పదకొండు నిమిషాలు లైటు రెప్ప కొట్టలేదు, నీ చేత్తో ఎవరూ చావలేదు అన్నచోట రెండుసార్లు చదువు. మొదటిసారి వాడు నమ్మడు.